పూర్వపక్షము నుండి పత్రసమర్పణము వరకు

1938లో స్థాపితమైన సిర్పూరు కాగితపు మిల్లు కారణమున కొత్తపేట యను పల్లె కాగజ్‌నగరముగా వృద్ధినొందుచున్న కాలమున, ఆ ప్రాంతపు విద్యార్థికి విశ్వవిద్యాలయ విద్య యన్న హైదరాబాదే గతి. 1918లో వెలసిన ఉస్మానియాలోనో బోధనభాష ఉర్దూ. అట్టిచోట తెలుగుశాఖకు రాయప్రోలు సుబ్బారావు గారు ఆధ్వర్యము వహించుట సామాన్యమైన సంగతి కాదని నా నిశ్చయము.

విశ్వవిద్యాలయ విద్యలో ముఖ్యమైనది గోష్ఠి; విద్యార్థి తాను వ్రాసిన పత్రమును చదివి, సహాధ్యాయుల ప్రశ్నలకు ఎదురునిలిచి, చర్చను తానే నడపు పద్ధతి జర్మనీలో రూపుదాల్చినది. 1787లో హాలే విశ్వవిద్యాలయమున వోల్ఫ్ పండితుడు నెలకొల్పిన సెమినారు అందు సుప్రసిద్ధము. అయినను పండితులు శాస్త్రార్థమును చర్చించు మన వాక్యార్థ సభలలో, ప్రతివాది మతమును పూర్వపక్షముగా ముందు తానే లోపము లేకుండ ప్రతిపాదించి, పిదప ఖండించి, తుదకు సిద్ధాంతమును నిలుపు శిక్షణ అంతకు ఎంతో పూర్వమే యుండెను. ఈ రెంటిలో మనదే కఠినతరమని నాకు దోచును. నేటి గోష్ఠులలో మిక్కిలి కొరవడినదియు ఆ పూర్వపక్ష నిష్ఠయే.

కరీంనగరు జిల్లా హనుమాజీపేటలో జన్మించి, ఉర్దూ మాధ్యమమున చదివి, ఉస్మానియాలోనే తెలుగు ఎం.ఏ. ముగించిన సి. నారాయణరెడ్డి గారు, ఆధునికాంధ్ర కవిత్వమందలి సంప్రదాయములను, ప్రయోగములను పరిశోధించి 1962లో డాక్టరేటు పొందిరి. ఆ పరిశోధన గ్రంథము తరువాతి తరముల చర్చలకు ప్రశ్నలను సమృద్ధిగా సమకూర్చెను.

1976లో వరంగల్లున కాకతీయ విశ్వవిద్యాలయము ఏర్పడిన పిమ్మట, సిర్పూరు కాగజ్‌నగర్ స్టేషనులో రైలెక్కిన విద్యార్థి, హైదరాబాదు వరకు పోనక్కరలేక, కాజీపేటలోనే దిగి తన పత్రమును చదువగలిగెను.