గుమ్మటం లేని నవాబులు

హైదరాబాద్ పైగా వంశపు నవాబుల గురించి ఎవరు రాసినా ముందు వాళ్ల ఫలక్‌నుమా మేడ వస్తుంది. సంతోష్ నగర్ దగ్గర పిసల్‌బండలోని వారి సమాధులకు చివర్లో రెండు వాక్యాలు మిగులుతాయి. అవీ ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్నవే: 1787లో తేగ్ జంగ్ కట్టించాడు, 1880లలో ఆయన కొడుకు మొదటి అమీరె కబీర్ బాగుచేయించి సొగసులు దిద్దించాడు. ఆ కొడుకు ఫక్రుద్దీన్ ఖాన్ 1863లోనే కన్నుమూశాడు. అక్కడే ఖననమైన మనిషి చేత పదిహేడేళ్లు పోయాక మరమ్మతులు చేయిస్తున్నామన్నమాట!

వంశం పుట్టుక తెలిసిందే. తేగ్ జంగ్ రెండో నిజాం కొలువులో ఎదిగి శంసుల్ ఉమ్రా బిరుదు పొందాడు. నిజాం సొంత సైన్యాన్ని పోషించే బాధ్యత, దానికి తగ్గ జాగీర్లు దక్కాయి. ఫక్రుద్దీన్ ఆ నిజాం కూతుర్నే పెళ్లాడాడు, సైన్సు పుస్తకాలు ఉర్దూలో అచ్చువేయించాడు.

ఇక చిక్కు ముడి. మనిషి సరైతే తేదీ తప్పు, తేదీ సరైతే మనిషి తప్పు. తేదీని ఉంచి మనిషిని వదలడమే మేలని నా మొగ్గు. ఫక్రుద్దీన్ కొడుకు రషీదుద్దీన్ 1881లో పోయాడు. అక్కడి నుంచి పైగా ఆస్తి మూడు శాఖల మధ్య నలిగింది. రషీదుద్దీన్ కొడుకులు ఖుర్షీద్ జా, వికారుల్ ఉమ్రా ఇద్దరూ అయిదో నిజాం అల్లుళ్లు. వాళ్ల పెదనాన్న కొడుకు ఆస్మాన్ జా 1887లో దివాన్ అయ్యాడు. ఆయన తర్వాత ఆ పదవి వికారుల్ ఉమ్రాకి వచ్చింది. ఈయన ఫలక్‌నుమాకి పునాది పడింది 1884లో. ఒకరి దేవిడీని చూసి ఇంకొకరు మేడలు లేపుతున్న ఆ కాలంలో, పెద్దల సమాధుల మీద పోటీపడి డబ్బు పోసి ఉంటారనుకోవడం సహజం. అలాగని అంతా 1880ల పనేనని తేల్చలేం. గచ్చు పనిని పొరమీద పొరగా ఎన్నిసార్లయినా తిరగవేయవచ్చు. కొంత నగిషీ ఫక్రుద్దీన్ అభిరుచే కావచ్చు. మొత్తానికీ ఒకే తేదీ, ఒకే పేరు తగిలించడమే పొరపాటు.

సమాధుల గోడల జాలీల్లో ఒకదాని అల్లిక మరోదానిలో కనపడదు. అంత సొగసున్నా చాలా సమాధులకు గుమ్మటం లేదు, నెత్తిన ఆకాశమే. కుతుబ్‌షాహీల గుమ్మటాలు ఊరికి ఆ చివర కళ్లెదుటే ఉన్నా వీళ్లు ఎందుకు మానుకున్నారు? వినయం అంటారు. నాకు ఏలికల మర్యాద కారణంగా తోస్తుంది. మొదటి ఆసఫ్‌జా ఖుల్దాబాద్‌లో, ఔరంగజేబు సమాధి ఉన్న చోటే, ఆరుబయట ఉన్నాడు. తర్వాతి నిజాంలలో ఎక్కువమంది మక్కా మసీదు ఆవరణలో వరసగా ఉన్నారు. ప్రభువులు ఎత్తని గుమ్మటాన్ని కొలువులో ఉన్న అల్లుళ్లు ఎలా ఎత్తుతారు? గుమ్మటానికి పోవాల్సిన ఖర్చు గోడలకు పోయింది. ఇది నా ఊహే, కాగితం చూపించలేను. అయినా ఈ సమాధుల చోటును ‘దక్కన్ తాజ్‌మహల్’ అనేవారి పోలిక కన్నా నయం. గుమ్మటమే లేనిదాన్ని తాజ్‌మహల్‌తో పోలిస్తే చూడవచ్చినవాడు పైకి చూస్తాడు, గోడను చూడడు.

మేడలు చేతులు మారాయి. 1890ల చివరికే ఫలక్‌నుమా ఆరో నిజాం చేతికి పోయింది. కానుక అని కొందరు, కొన్నాడని కొందరు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఫలక్‌నుమా 2010 నుంచి తాజ్ హోటల్. హుస్సేనీ ఆలంలోని ఖుర్షీద్ జా దేవిడీ ఏళ్ల తరబడి పెచ్చులూడుతూ నిలిచింది. డబ్బు తెచ్చే కట్టడానికి ఒక న్యాయం, తేనిదానికి ఇంకో న్యాయం.

సమాధుల చుట్టూ ఇళ్లు ఇరుకైపోయాయి. 2023లో అమెరికా రాయబారుల నిధి ఆరు సమాధుల కోసం రెండున్నర లక్షల డాలర్లు ప్రకటించింది, పని ఆగాఖాన్ ట్రస్టుది. సంతోషమే, కానీ ఒక దిగులు. ఏది ముత్తాత కట్టించిందో, ఏది మునిమనవళ్లు దిద్దించిందో చెప్పగల సాక్ష్యం ఆ పాత గచ్చు పొరల్లోనే ఉంది. కొత్త సున్నం కిందికి పోయే ప్రతి పొరనూ ముందే కొలిచి, ఫొటో తీసి, ఆ వివరాలు అచ్చువేయాలి. అందులో నా వాదం కూలిపోయినా సరే.