తినువారి మాట: గోదావరి నల్లమందు కథ

కోనసీమ వంటయిండ్లలో గసగసాలు క్రొత్త వస్తువు కాదు. కూరకు చిక్కదనము తెచ్చుటకు నూరి వేయు ఈ సన్నని గింజలు ఏ మొక్కవో మాత్రము చాలమందికి తోచదు. ఆ మొక్క పచ్చికాయపై సాయంకాలము సన్నని గాట్లు పెట్టినచో తెల్లని పాలు కారును. తెల్లవారునప్పటికి అవి గట్టిపడి గోధుమవన్నె జిగురగును. దానినే గీకి తీసి ఆరబెట్టినచో నల్లమందు. గింజలో మత్తు దాదాపు లేదు. ఉన్నదంతయు ఆ పాలలోనే.

నల్లమందులో ముఖ్యమైనది మార్ఫిను. దానిని 19వ శతాబ్ది ఆరంభమున సెర్టుర్నర్ అను జర్మను ఔషధ నిర్మాత వేరుచేసెను. నొప్పి తగ్గించుట, నిద్ర తెచ్చుట, దగ్గును అణచుట, విరేచనములు కట్టుట దీని గుణములు. ఇన్ని పనులు ఒక్క మందెట్లు చేయును? దీనికి సమాధానము 1970 తరువాతనే దొరకినది. మెదడులోను, ప్రేగులలోను మార్ఫిను వచ్చి అతుకుకొను గ్రాహకములు ఉన్నవని 1973లో కనుగొనిరి. శరీరము తానే తయారుచేసికొను మార్ఫినువంటి పదార్థములు 1975లో బయటపడినవి. రోజూ బయటినుండి మందు వచ్చుచుండగా శరీరము ఆ ఏర్పాటుకు సర్దుకొనును. ఒకనాడు అది రాకపోయెనా, ఆవులింతలు, ముక్కు కారుట, ఒళ్లునొప్పులు, విరేచనములు ఒక్కసారిగా మీద పడును. "అది లేనిదే పొలమునకు పోలేను" అని తినువాడు చెప్పు మాటను వట్టి సాకుగా కొట్టివేయరాదు. దురదృష్టవశాత్తు నూరేండ్లకు పైగా లోకము ఆ మాటను సాకుగానే ఎంచినది.

గోదావరి జిల్లాలో నల్లమందు పండలేదు. అది మాళవము, గంగా మైదానములనుండి వచ్చి, 1878 నాటి నల్లమందు చట్టము క్రింద లైసెన్సు పొందిన దుకాణములలో అమ్ముడుపోయెడిది. మద్రాసు రాజధాని మొత్తములో ఉత్తర కోస్తా జిల్లాల వాడుక అధికము. వానిలోను గోదావరి జిల్లా పేరు ముందు వచ్చుచుండెను. అమలాపురము, రాజోలు నాడు ఆ జిల్లాలోనివే. తినువారు చెప్పిన కారణము ఒకటే: జ్వరము, చలి. ఏజెన్సీ కొండలలో చలిజ్వరము ఊరూరా ఉండెడిది. పల్లపుసీమలో 1852 నాటికి ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై కాలువలు పారుటతో వరి విస్తరించినది. వరి నాట్లనగా గంటలకొలది మోకాటిలోతు నీటిలో నడుము వంచి నిలుచుటయే. ఆ నడుమునొప్పికి గుళిక ఎంత పనిచేయునో చెప్పుటకు వైద్యుడక్కరలేదు.

ఇంగ్లండులో నల్లమందు వ్యతిరేకోద్యమము బలపడగా 1893లో బ్రిటిషు ప్రభుత్వము బ్రాసీ ప్రభువు అధ్యక్షతన ఒక రాయల్ కమిషన్‌ను నియమించెను. 700 మందికి పైగా సాక్ష్యమిచ్చిరి. అధికారులు, సైనిక వైద్యులు, భూస్వాములు, మిషనరీలు తమ తమ మాట చెప్పిరి. నల్లమందు తిను కూలివాని మాట చాలవరకు ఇతరుల నోటనే వినవచ్చెను. కమిషన్ సభ్యులలో ఒకరైన సర్ విలియం రాబర్ట్స్ వైద్యుడు. భారతదేశపు నల్లమందులో ఎక్కువగా ఉండు నార్కోటిను అను ఆల్కలాయిడు జ్వరమును అడ్డగించుచున్నదని ఆయన వాదించెను. నేడు దానినే నోస్కపిను అందురు. దగ్గు మందుగా పనికివచ్చును గాని మలేరియాకు మందు కాదు. 1895 నాటి నివేదిక, మితముగా తినుటలో పెద్ద కీడు లేదనియు నిషేధము అక్కరలేదనియు తేల్చినది. సభ్యులలో హెన్రీ విల్సన్ ఒక్కడు అంగీకరింపక విడిగా తన అభిప్రాయము వ్రాసెను. మరి రెండేండ్లకే, 1897 ఆగస్టు 20న, సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని చూచెను. తినువాడు చెప్పినదానిలో సగము నిజమని ఇప్పుడు తెలియుచున్నది: నల్లమందు జ్వరమును ఆపలేదు, జ్వరపు బాధను ఆపినది. వానికి కావలసినది రెండవదే.

ఇదే కాలమున గోదావరి మండలపు కూలీలు కాకినాడలో ఓడలెక్కి రంగూనుకు పోవుచుండిరి. కోరంగి రేవు పేరుమీద అక్కడ తెలుగువారిని "కోరంగీలు" అనెడివారు. ఓడరేవులో మూటలు మోయుట, రిక్షాలు లాగుట, బియ్యపు మిల్లులలో పని వీరివి. రంగూను నాడు నల్లమందుకు పేరుపడిన పట్టణము. 1894 నుండి దిగువ బర్మాలో ఒక చిత్రమైన నియమము నడచినది. బర్మావారిలో పేరు నమోదు చేయించుకొన్నవారికి తప్ప నల్లమందు కూడదు. భారతీయులకు, చీనావారికి పరిమితికి లోబడి కొనుక్కొను వీలు కలదు. ఒకే మందు, ఒకే వీధి. జాతినిబట్టి చట్టము మారినది. బరువులు మోయు కోరంగీని దీనిపై ఎవరు అడిగిరి?

1920 తరువాత లెక్కల యుగము వచ్చినది. వైద్య అవసరములకు 10,000 మంది జనమునకు ఏటా 6 సేర్ల నల్లమందు చాలునని నానాజాతి సమితి ఒక కొలత పెట్టెను. ఈ కొలతను విద్యార్థులు తమంతట తాము పరీక్షించి చూడవచ్చును. సేరు సుమారు 933 గ్రాములు; 6 సేర్లనగా 5,600 గ్రాములకు కొంచెము తక్కువ. తలకు ఏటికి అరగ్రాముకు కొంచెము పైగా వచ్చును. రోజుకు 5 గ్రెయినులు, అనగా మూడవవంతు గ్రాము తినువాడు ఒకడున్నాడనుకొందము. వాడు ఏడాదికి 118 గ్రాములు తినును. ఆ 6 సేర్లు ఇట్టివారు 47 మందికి సరిపోవును. మిగిలిన 9,953 మందికి నొప్పిమందుగా రవ్వంతయు మిగులదు. సరాసరి లెక్క జనమును చూపును, మనిషిని చూపదు. మద్రాసు రాజధానిలో ఈ గీతను దాటిన ప్రాంతములలో గోదావరి ముఖ్యమైనది. సి.యఫ్. ఆండ్రూస్ 1926లో దేశమంతటి నల్లమందు వాడుకపై గ్రంథము వ్రాసి ప్రభుత్వమును నిలదీసెను. ఆండ్రూస్ మనసు కూలివారి పక్షమే. ఐనను అక్కడను మాట్లాడినది కూలివారు కారు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1949లో అఖిల భారత నల్లమందు సమావేశము, పదేండ్లలో వైద్యేతర వాడుక ఆగవలెనని నిర్ణయించెను. 1959 ఏప్రిలు 1 నుండి, వైద్యుని సలహాపై నమోదైన పాత అలవాటుదార్లకు తప్ప, తినుటకు నల్లమందు అమ్మకము ఆగినది. ఈ నమోదు పద్ధతిలో ఒక మంచి కలదు: ముసలివానికి ఒక్కసారిగా గుళిక మానిపించి మంచమెక్కించలేదు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ఆ చిన్న వెసులుబాటును నిలిపినను, తక్కిన విషయములలో శిక్షలను ఎంతో కఠినము చేసెను. సరిగా ఆ దశాబ్దిలోనే మన నగరములలోనికి మార్ఫిను నుండి తయారగు హెరాయిను వచ్చినది. గుళిక పోయి పొగ వచ్చెను. పొగ వెనుక సూది వచ్చెను.

సూదితో కథ మారినది. నల్లమందు తినువాని కీడు చాలవరకు వానిదే. ఒక సిరంజిని నలుగురు వాడినచో ఒకరి రక్తములోని సూక్ష్మజీవి నలుగురికి పోవును. మణిపూరులో 1989 సెప్టెంబరుకు ముందు సూది వాడువారిలో హెచ్.ఐ.వి. కనబడలేదు, ఆరు మాసములు తిరుగునప్పటికి పరీక్షించినవారిలో సగము మందికి అది ఉన్నది.

ఈ ప్రమాదమును ముందుగా పసిగట్టి అడ్డుకట్ట వేసినవారు నెదర్లాండ్సులోని వాడకందార్లే. 1980 ప్రాంతమున రాటర్‌డాములోను, తరువాత ఆంస్టర్‌డాములోను హెరాయిను వాడువారు సంఘములు కట్టుకొనిరి. ఆంస్టర్‌డాము నడిబొడ్డున ఒక మందుల దుకాణము వీరికి సిరంజిలు అమ్ముట మానదలచినది. అట్లైన పాత సూదులే చేతులు మారి హెపటైటిస్ బి వ్యాపించునని సంఘమువారు భయపడిరి. నగర ఆరోగ్య శాఖతో మాట్లాడి 1984లో పాత సూది ఇచ్చి క్రొత్త సూది తీసికొను ఏర్పాటు ప్రారంభింపజేసిరి. అందులో గొప్ప శాస్త్రమేమియు లేదు. ఏ సూది ఎన్ని చేతులు మారుచున్నదో వాడువానికి తెలిసినంత కార్యాలయమునకు తెలియదు, అంతే. కెనడాలోని వాంకూవరు వాడకందార్లు 1990 తరువాతి దశాబ్దిలో ఇట్లే కూడుకొని పోరాడగా, 2003లో నర్సుల కంటి ఎదుట సూది వేసికొను కేంద్రము వెలసినది. దానిని మూయించ జూచిన ప్రభుత్వమునకు 2011లో ఆ దేశపు సుప్రీంకోర్టులో చుక్కెదురైనది.

మన దేశమునందును వాడకందార్ల సంఘములు ఏర్పడినవి. ఇండియన్ డ్రగ్ యూజర్స్ ఫోరం అట్టిది. నాలుక క్రింద కరగు బ్యుప్రినార్ఫిను మాత్రను ఆరోగ్య కేంద్రములో రోజూ ఇచ్చు చికిత్స ఇక్కడ నడచుచున్నది. ఇదియు మార్ఫిను అతుకుకొను గ్రాహకములనే పట్టుకొనును. ఐతే దాని పట్టు నెమ్మదిగా వదలును గనుక రోజంతయు బాధ తోచదు. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని, మెథడోనును అత్యవసర ఔషధముల జాబితాలో చేర్చెను. నమోదైన ముసలివానికి నల్లమందు కొలిచి ఇచ్చిన నాటి పద్ధతికి ఇది వైద్యుని చేతిలో తిరిగి పుట్టిన రూపమన్నను అనవచ్చును.

2019లో ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారము నల్లమందు జాతి మందులవలన చిక్కులలో పడి సహాయము కావలసినవారు దేశమున సుమారు 77 లక్షలు. వారిలో సగమునకు పైగా ఎనిమిది రాష్ట్రములలోనే ఉన్నారు. ఆ ఎనిమిదింట ఆంధ్రప్రదేశ్ ఒకటి. గోదావరి గుళికల కథ ముగిసినదనుకొన్నవారు ఈ వాక్యమును రెండుసార్లు చదువవలెను. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టములోని 22వ సెక్షను 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చి, రోగవ్యాప్తిని అరికట్టుటకు శుభ్రమైన సూది ఇచ్చుట నేరము కాదని చెప్పుచున్నది. 1985 చట్టపు 27వ సెక్షను ప్రకారము ఆ సూదితో మందు ఎక్కించుకొనుట నేటికిని శిక్షార్హమే. ఆ మందు హెరాయినైనచో శిక్ష ఏడాది వరకు ఉండవచ్చును. కేంద్రమునకు వచ్చువాడు ఒక చేత ఆ సూదిని పట్టుకొని, రెండవ ప్రక్క పోలీసు ఠాణాను చూచుకొనుచు నడచుచున్నాడు.