వెయ్యి పేర్ల పత్తి

మొన్న సంక్రాంతికి మా ఊరు వెళ్ళినప్పుడు ఇంట్లో పిల్లల మధ్య పెద్ద వాగ్వాదం నడిచింది. ఐఫోను గొప్పదా, ఆండ్రాయిడ్ గొప్పదా అన్నది వివాదాంశం. కొనేవాడికి పది రకాలు ఎదురుగా ఉండాలి, తన డబ్బుకు తగినది తను ఎంచుకోవాలి అన్నది ఆండ్రాయిడ్ పక్షం వాదన. పైన కంపెనీల పేర్లు ఎన్ని ఉన్నా లోపల నడిచేది ఒకటే అయినప్పుడు అది ఎంపిక ఎలా అవుతుందన్నది ఎదుటి పక్షం వాదన. అరుగు మీద కూర్చుని చాలాసేపు విన్న మా పెదనాన్న, "ఇదేదో మా పత్తి గింజల కథ లాగే ఉందిరా" అంటూ లోపలికి వెళ్ళి ఒక పాత గోనెసంచి తెచ్చి నా ముందు గుమ్మరించారు.

అన్నీ ఖాళీ విత్తన ప్యాకెట్లే. పదిహేనేళ్ళకు పైబడినవి. మొలక రాకపోతే నష్టపరిహారం అడగడానికి బిల్లూ ప్యాకెట్టూ దాచుకోవాలని వ్యవసాయశాఖ వాళ్ళు చెప్పినందుకు దాచారట. ఒక ఏడు నిజంగానే సగం సాళ్ళు మొలవలేదు. బిల్లూ ప్యాకెట్టూ పట్టుకుని ఆరు నెలలు తిరిగినా పైసా రాలేదు. దాచే అలవాటు మాత్రం మిగిలిపోయింది. నేను వాటిని నేల మీద పరచి చూశాను. ఒకదాని మీద విరగపూసిన పత్తిచేను, ఒకదాని మీద దేవుడి బొమ్మ, ఒకదాని మీద సినిమా హీరోలా నవ్వుతున్న రైతు. పేర్లు వేరు, కంపెనీలు వేరు, రంగులు వేరు. కానీ దాదాపు ప్రతి దాని మీదా ఒక మూల ఒకటే చిన్న ముద్ర: బోల్‌గార్డ్ 2.

ఫోన్ల మీద జరిగిన పేటెంటు యుద్ధం మనందరికీ తెలుసు. 2011లో ఆపిల్ సామ్‌సంగ్ మీద దావా వేసింది. మూలలు గుండ్రంగా ఉన్న దీర్ఘచతురస్రం, తెర మీద బొమ్మల అమరిక కూడా అందులో వివాదాంశాలే. 2012 ఆగస్టులో జ్యూరీ వంద కోట్ల డాలర్లు దాటిన పరిహారం ప్రకటించింది. 2016లో ఆ వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. 2018 మేలో మరో జ్యూరీ 53.9 కోట్ల డాలర్లన్నది. ఆ జూన్‌లో ఇద్దరూ రాజీపడ్డారు. షరతులు బయటికి రాలేదు. ఏడేళ్ళ ఆ వాదనను ప్రపంచమంతా ఆసక్తిగా చూసింది. అదే కాలంలో మన నల్లరేగడి నేలల్లో, గుంటూరు, ప్రకాశం రైతుల చేలల్లో, అంతకంటే లోతైన పేటెంటు వివాదం ఒకటి నడిచింది. దాన్ని చూసినవాళ్ళు తక్కువ. ఈ వ్యాసం దాని గురించి.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఈ ప్రాంతపు పాత పత్తికి కోకనాడ పత్తి అని పేరు. పండింది ఇక్కడ, ఓడ ఎక్కింది కాకినాడ రేవులో, అందుకని ఆ పేరు. దూది ఎర్రమట్టి ఛాయలో ఉండేది. దిగుబడి తక్కువ, పింజ పొట్టి. అయితే విత్తనం మాత్రం రైతు ఇంట్లోనే ఉండేది. 1970లో గుజరాత్‌లోని సూరత్ కేంద్రం నుంచి హెచ్-4 వచ్చింది. ప్రపంచంలోనే వాణిజ్య సాగుకు వచ్చిన మొదటి సంకర పత్తి అదే. 1972లో ధార్వాడ నుంచి వరలక్ష్మి వచ్చింది. మన రైతులు వరలక్ష్మిని పేరుకు తగ్గట్టే ఇంటికి వచ్చిన లక్ష్మిగా చూసుకున్నారు. మేడలు లేచాయి, ట్రాక్టర్లు వచ్చాయి. కానీ సంకర విత్తనానికి ఒక గుణం ఉంది. దాని పంట నుంచి తీసిన గింజ మరుసటి ఏడు వేస్తే ఆ చేను తల్లి చేనులా రాదు, చెట్టుకొక తీరుగా వస్తుంది. కాబట్టి ఏటా అంగడికి వెళ్ళాల్సిందే. మన రైతు చేతి నుంచి విత్తనపు కుండ జారిపోయింది అప్పుడే. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

1980ల్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. విచ్చలవిడిగా కొట్టారు. దాంతో మిత్రపురుగులు చచ్చి తెల్లదోమ పెరిగింది. ఆ వెనుకే శనగపచ్చ పురుగు మందులకు లొంగకుండా పోయింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. మన దగ్గర రైతు ఆత్మహత్య అన్న మాట వార్తాపత్రికల భాషలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. అప్పుడు గుంటూరు పక్కనే ఉన్న లాం పరిశోధన కేంద్రం తెల్లదోమను తట్టుకునే కాంచన, ఎల్.కె. 861 వంటి రకాలను ఇచ్చింది. అవి సంకరాలు కావు, సూటి రకాలు. రైతు గింజ దాచుకోవచ్చు. ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు తలచుకుంటే ఆపదకు జవాబూ దొరుకుతుంది, విత్తనమూ రైతు చేతిలోనే ఉంటుంది అనడానికి ఇదొక నిదర్శనం.

ఇక బీటీ సంగతి. 2001లోనే గుజరాత్‌లో నవభారత్ 151 పేరుతో అనుమతి లేని బీటీ పత్తి వేల ఎకరాల్లో బయటపడింది. 2002 మార్చిలో కేంద్రం మహికో వారి మూడు బీటీ సంకరాలను అధికారికంగా అనుమతించింది. అమెరికా సంస్థ మోన్‌శాంటో జన్యువు, భారతీయ సంస్థ మహికో విత్తనం, ఇద్దరూ కలిసి పెట్టుకున్న ఉమ్మడి సంస్థ ద్వారా మిగతా విత్తన కంపెనీలకు లైసెన్సులు. ఈ అమరికను ఫోన్ల భాషలో ప్లాట్‌ఫారం అనవచ్చు. జన్యువు ఒకరిది, పైనున్న ప్యాకెట్టు ఎవరిదైనా కావచ్చు. బన్నీ ఉండేది, బన్నీ బీటీ అయింది. మల్లిక ఉండేది, మల్లిక బీటీ అయింది.

మొదటి మూడు సంకరాలు మన రాష్ట్రంలో నిలవలేదు. 2005లో ఆంధ్రప్రదేశ్‌కు వాటి అనుమతిని కేంద్రం పొడిగించలేదు. అయినా తర్వాత వచ్చిన సంకరాలను రైతు ఇష్టపడే వేశాడు. ఈ మాట చెప్పకపోతే అన్యాయం. మా పెదనాన్న లెక్కలో, అంతకుముందు పంటకు ఇరవైసార్లు మందు కొట్టిన చేలో తొలి బీటీ సంవత్సరాల్లో ఐదారుసార్లతో సరిపోయింది. వీపున మందు డబ్బా మోసినవాడికి ఆ తేడా విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

బాధ ధర దగ్గర వచ్చింది. ఎకరానికి సరిపోయే 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలు దాటింది. అందులో 1,250 రూపాయలు జన్యువు తాలూకు రుసుమే. 2006 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక అసాధారణమైన పని చేసింది. అప్పటి వ్యవసాయ కమిషనర్ పూనం మాలకొండయ్య చొరవతో గుత్తాధిపత్య వాణిజ్య పద్ధతుల విచారణ సంఘం ముందుకు వెళ్ళింది. అమెరికాలో అంతే విత్తనానికి 108 రూపాయలే తీసుకుంటున్నారని, చైనాలో ఇంకా తక్కువని వాదించింది. ఆ మే నెలలో సంఘం రుసుము తగ్గించమని ఆదేశించింది. రాష్ట్రం ప్యాకెట్టు ధరను 750 రూపాయలకు కట్టడి చేసింది. ఇతర రాష్ట్రాలు అదే దారి పట్టాయి. 2007లో మన శాసనసభ పత్తి విత్తనాల ధరల నియంత్రణకు ప్రత్యేక చట్టమే చేసింది. ఒక రాష్ట్ర ప్రభుత్వం ప్రపంచ స్థాయి సంస్థతో తలపడి రైతుకు సగానికి సగం ధర తగ్గించిన సందర్భాలు చరిత్రలో ఎక్కువ లేవు. మనం గర్వపడదగిన ఘట్టం ఇది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. 1,250 రూపాయలు వసూలైన ఆ మొదటి జన్యువుకు భారతదేశంలో పేటెంటే లేదు! లైసెన్సు ఒప్పందాలు, అనుమతుల ప్రక్రియలోని కష్టం, ఈ రెండే గోడలుగా నిలిచి ఆ అద్దె రాబట్టాయి. పేటెంటు ఉన్నది 2006లో వచ్చిన రెండో తరం బోల్‌గార్డ్‌కు. అది 2008లో మంజూరైంది.

ఆ రెండో తరం మీదే అసలు యుద్ధం జరిగింది. కృష్ణకు ఆవల ఉన్న ఊరి పేరు పెట్టుకున్న నూజివీడు సీడ్స్ దేశంలోని పెద్ద పత్తి విత్తన సంస్థల్లో ఒకటి. రుసుము విషయంలో తగవు ముదిరి 2015లో మోన్‌శాంటో వారి లైసెన్సు రద్దుచేసింది. వ్యాజ్యం ఢిల్లీ హైకోర్టుకు చేరింది. మన పేటెంటు చట్టంలోని 3(జె) నిబంధన మొక్కలకు, విత్తనాలకు పేటెంటు ఇవ్వరాదంటుంది. విత్తనంలో కూర్చున్న జన్యువు విత్తనంలో భాగమా, వేరే వస్తువా? ఇదీ ప్రశ్న. 2018 ఏప్రిల్‌లో ధర్మాసనం పేటెంటు చెల్లదన్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, ఇంత సాంకేతికమైన విషయాన్ని సాక్ష్యాలు విచారించకుండా తేల్చరాదని కేసును వెనక్కి పంపింది. అదే ఏడాది చివరికి పేటెంటు గడువు తీరిపోయింది. 2021లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. ప్రశ్న ప్రశ్నగానే మిగిలింది.

ఫోన్ల కథకూ దీనికీ పోలిక చూడండి. రెండుచోట్లా ఏళ్ళ తరబడి వాదన, రెండుచోట్లా చివరికి రాజీ, రెండుచోట్లా కొనేవాడు ఆ గదిలో లేడు.

ఇప్పుడు నా అసలు మాట. ఈ యుద్ధమంతా అద్దె ఎంత అన్నదాని మీద జరిగింది. ఎంపిక మీద జరగలేదు. ఈ శతాబ్దపు రెండో దశకం మొదలయ్యేసరికి అనుమతి పొందిన బీటీ సంకరాలు వెయ్యి దాటాయి. దేశంలో పత్తి విస్తీర్ణంలో తొంభై శాతానికి పైగా బీటీయే. లోపలి జన్యువు మాత్రం అత్యధికంగా ఒకే సంస్థది. వెయ్యి పేర్లలో ఏది మంచిదో తేల్చుకోలేక రైతు పక్కవాడిని అడిగాడు, అంగడివాడిని అడిగాడు, కరువైన పేరు కోసం వరుసలో నిలబడ్డాడు. బీటీ లేని విత్తనం కావాలన్నవాడికి మాత్రం అంగట్లో ఏమీ దొరకలేదు.

కాదు, ఒకటి దొరికింది. ప్రతి ప్యాకెట్టుతోనూ 120 గ్రాముల బీటీ లేని గింజల పొట్లం ఒకటి ఇచ్చేవారు. చేను చుట్టూ అవి వేస్తే పురుగు అక్కడ బతికి, జన్యువుకు అలవాటుపడకుండా ఉంటుందని శాస్త్రం. ఆ పొట్లాన్ని దాదాపు అందరూ పారేశారు. మా పెదనాన్నా పారేశారు. మన చేలో పురుగుకు మనమే మేత వేయడమేమిటన్నది అందరి మాట. 2010లో గుజరాత్‌లో గులాబీరంగు పురుగు మొదటి తరం బీటీకి లొంగడం లేదని కంపెనీయే ఒప్పుకుంది. కొన్నేళ్ళకు రెండో తరానిదీ అదే గతి.

మరి రైతుకు విత్తనం దాచుకునే హక్కు లేదా? ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ చట్టం 39వ సెక్షన్ ఆ హక్కును స్పష్టంగా ఇచ్చింది. దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవచ్చు కూడా. కానీ అంగట్లో ఉన్నదంతా సంకరమే అయినప్పుడు దాచుకుని ఏం లాభం? చాలా దేశాల్లో బీటీని సూటి రకాల్లో ఇస్తే మన దేశంలో సంకరాల్లోనే ఇచ్చారు. చట్టం తలుపు తెరిచి పెట్టింది, సంకరం తాళం వేసింది. అసలు తాళం పేటెంటు కాదని నాకు అనిపించేది అందుకే. సంకరం వల్ల దిగుబడి రాలేదని నేననను. తాళం ఎక్కడుందో తెలియకుండా తాళంచెవి కోసం పదిహేనేళ్ళు కోర్టుల్లో వెతికామంటున్నాను.

తాళం తీసే ప్రయత్నం ఒకటి జరిగింది. నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థ, ధార్వాడ విశ్వవిద్యాలయం కలిసి బికనేరి నర్మ అనే సూటి రకంలో బీటీ తెచ్చాయి. 2008లో అనుమతి వచ్చింది, 2009లో విత్తనం రైతుకు అందింది. వెంటనే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అందులో ఉన్నది మోన్‌శాంటో జన్యువేనని తర్వాత విచారణ సంఘం తేల్చింది. కాంచనను ఇచ్చిన ప్రభుత్వ పరిశోధన పరంపర ఇక్కడ తడబడింది. మన పత్తి చరిత్రలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే సంఘటన ఇదే. బయటివాడు గెలవడం కంటే మనవాళ్ళు ఇలా ఓడిపోవడం కష్టం.

2020లో కేంద్రం ఆ రుసుమును సున్నా చేసింది. అప్పుడు ప్యాకెట్టు గరిష్ఠ ధర 730 రూపాయలు. 2024లో 864. రుసుము పోయింది, పేటెంటు పోయింది, అంగడికి వెళ్ళడం మాత్రం పోలేదు.

పిల్లలు ఫోన్ల దగ్గరికి వెళ్ళిపోయాక పెదనాన్న ప్యాకెట్లు మళ్ళీ సంచిలో కుక్కుతూ, "ధర తగ్గించమని అందరం అడిగాం అబ్బాయ్. మా గింజ మాకిమ్మని మాత్రం ఎవరం అడగలేదు" అన్నారు. మా ఇంట్లో ఇప్పటికీ దాచేది మిరప విత్తనం ఒక్కటే. లాం వారి ఎల్.సి.ఏ. 334. కల్లంలో మంచి కాయలు ఏరి, గింజ తీసి ఆరబెట్టి, బూడిద కలిపి అటక మీద పెడతారు పెద్దమ్మ. చుట్టుపక్కల చేలల్లో మిరప కూడా సంకరాల వైపే నడుస్తోంది. ఆ కుండ ఇంకెన్నేళ్ళు అటక మీద ఉంటుందో చెప్పలేను.

మీ ఇళ్ళలో ఇంకా దాచే విత్తనాలు ఏమైనా ఉంటే పేర్లతో సహా రాయండి. కనీసం జాబితా అయినా మన దగ్గర ఉండాలి.