ఈ-మెయిల్‌తో వచ్చే మూట



సరిహద్దు జిల్లాలో తెలుగు ప్రశ్నపత్రం సమయానికి చేతికందడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు. 2006లో, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా బడికి అది ఈ-మెయిల్‌లో వచ్చింది. ఫైలు పేరు చివర 'పి65' అని ఉంది. ఎంత నొక్కినా తెరుచుకోలేదు. తెల్లవారితే పరీక్ష. ఆ కంగారులో, దాన్ని తెరిచే సాధనమంటూ ఎవరో పంపిన మరో ఫైలు నొక్కాను. దాని చివర 'ఇ.ఎక్స్.ఇ.' అని ఉంది. కంప్యూటర్ మూలపడింది. పిల్లల మార్కుల పట్టికలూ దానితోపాటే పోయాయి. మర్నాడు ప్రశ్నలు నల్లబల్లమీద రాయవలసి వచ్చింది.

ఫైలు పేరులో చుక్క తర్వాత వచ్చే ఈ తోక ఎక్కడిది? 1981లో వచ్చిన ఎం.ఎస్. డాస్‌లో పేరుకు ఎనిమిది అక్షరాలు, తోకకు మూడు అక్షరాలు కేటాయించారు. ఆ పద్ధతి అంతకుముందే సి.పి.ఎం. అనే వ్యవస్థలో ఉంది. తోకను బట్టి అది ఉత్తరమో, బొమ్మో, పనిచేసే ప్రోగ్రామో తెలిసేది. 1995లో వచ్చిన విండోస్ 95, తనకు తెలిసిన తోకలను మామూలుగా కనబడకుండా దాచింది. చూపుకు శుభ్రంగానే ఉంది గాని, మోసానికి అక్కడే దారి దొరికింది.

2000 మే 4న ఫిలిప్పీన్స్ నుంచి ఒక ప్రేమలేఖ ప్రపంచమంతా పాకింది. జతచేసిన ఫైలు పేరు చివర 'టి.ఎక్స్.టి.', దాని తర్వాత మరో చుక్క, 'వి.బి.ఎస్.' ఉన్నాయి. చివరి తోక దాగిపోవడంతో చాలామంది అది వట్టి ఉత్తరమే అనుకున్నారు. నిజానికది గోముఖవ్యాఘ్రం. తెరవగానే బొమ్మల ఫైళ్లను చెరిపి, చిరునామాల పట్టికలో ఉన్నవారందరికీ తనను తానే పంపుకొంది. బ్రిటిష్ పార్లమెంటు కూడా తన ఈ-మెయిల్ వ్యవస్థను కొంతసేపు ఆపవలసి వచ్చింది. అనుమానితుడిని శిక్షించడానికి తగిన చట్టం అప్పటికి ఫిలిప్పీన్స్‌లో లేదు. చట్టం జూన్‌లో వచ్చింది గాని, జరిగిపోయిన పనికి అది వర్తించలేదు. ఆ ఆగస్టులో అభియోగాలు ఉపసంహరించారు.

ఇక మన 'పి65' సంగతి. అది పేజ్‌మేకర్ ఫైలు. తెలుగు అచ్చుపని చాలాకాలం దానిలోనే సాగింది. ఆ సాఫ్ట్‌వేరూ, ఆ ఫాంటూ లేనిచోట మన అక్షరాలు మనకే అర్థం కావు. యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు చోటు దొరికినా, వాడుకలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అంటే, తెలియని తోకలన్నీ దొంగవి కావు. తెలిసినవారు పంపినవన్నీ మంచివీ కావు. ప్రేమలేఖ వచ్చింది కూడా పరిచయస్థుల పేరుమీదనే గదా!

అందుచేత చివరి చుక్క తర్వాత ఏముందో చూడండి. తోకలు కనబడేలా కంప్యూటర్‌లో మార్చుకోండి. అనుమానం వస్తే, పంపినవారికి మీ దగ్గరున్న నంబరుకే ఫోన్ చేసి అడగండి. ఈమధ్య పెళ్లి శుభలేఖ పేరుతో సెల్‌ఫోన్లకు వస్తున్న 'ఎ.పి.కె.' ఫైళ్లదీ ఇదే కథ.

ఊరుగాని ఊరివాడు మూట తెచ్చిస్తే, ఎవరు పంపారని అడిగిగాని మన పెద్దలు విప్పేవారు కాదు. ఆ అలవాటు ఇక్కడా పనికొస్తుంది. సెలవు.