పిల్లుల తుంటి కీలు తొలగడం: శస్త్రచికిత్స

బండి తగిలో, ఎత్తు నుంచి పడో పిల్లి తుంటి కీలు తొలగితే, తొడ ఎముక తల ఎక్కువగా ముందుకూ పైకీ జారి, ఆ కాలు పొట్టిగా కనిపిస్తుంది. మత్తిచ్చి చేత్తో కూర్చినా చాలాసార్లు మళ్లీ జారుతుంది. అప్పుడు కోసి, తెగిన లిగమెంటు స్థానంలో గట్టి దారం బిగించాలి, లేదా ఎముక తలనూ మెడనూ తీసేయాలి. తీసేస్తే కుంటిదవుతుందన్న భయం సహజమే. కాలు కాస్త పొట్టి అవుతుంది కూడా. కానీ 3–5 కిలోల ఒంటిని కండరాలూ పీచు కణజాలమూ కలిసి ఏర్పడే కొత్త కీలు చక్కగా మోస్తుంది.

కీలు బాగుంటే కాపాడటమే మేలు. అయితే వజ్రకరూరు లాంటి ఊళ్లకు ప్రొద్దుటూరు, తిరుపతి పశువైద్య కళాశాలలు దూరం; ఆలస్యమైతే కండరాలు బిగుసుకుంటాయి. అలాంటప్పుడు ఎముక తల తీసేయడమే సమంజసం. ఈలోగా నొప్పికి పారాసిటమాల్ వేయకండి. అది పిల్లికి ప్రాణాంతకం.