గంజాయి మానేశాక వచ్చే ఏడుపు: చరిత్ర పట్టించుకోని రెండు వారాలు

మన సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే 65వ నంబర్ హైవేపై గంజాయి పట్టుబడిందన్న వార్త మీరు చదివే ఉంటారు. ఎన్ని కిలోలు, ఎంతమంది అరెస్టు... అక్కడితో వార్త అయిపోతుంది. తాగి, తర్వాత మానేసిన మనిషి సంగతి ఎవరూ చెప్పరు. ఆడపిల్ల అయితే అసలే చెప్పరు. ఈ రోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

1893లో బ్రిటిష్ ప్రభుత్వం గంజాయి మీద ఒక కమిషన్ వేసింది. 1,193 మంది సాక్ష్యం తీసుకుంది. పెద్ద ప్రశ్న ఏంటంటే, గంజాయితో పిచ్చి పడుతుందా? పిచ్చాసుపత్రుల రిజిస్టర్లు తిరగేస్తే, జబ్బుకు కారణం దగ్గర సరైన విచారణ లేకుండానే 'గంజాయి' అని రాసిన కేసులు చాలా దొరికాయి. మితంగా వాడితే పెద్ద హాని లేదు, అతిగా వాడితే ఉంది అని 1894లో తేల్చారు. అంటే దృష్టంతా తాగితే ఏమవుతుందన్నదాని మీదే.

మానేస్తే ఏమవుతుంది? దానికి జవాబు చాలా లేటుగా వచ్చింది. మత్తునిచ్చే టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్‌లో మెషూలమ్, గావొనీ విడదీశారు. 1992లో మన మెదడే తయారుచేసుకునే అలాంటి పదార్థం దొరికింది. దానికి సంస్కృతంలోని 'ఆనందం' నుంచి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. రోజూ బయటి నుంచి టీహెచ్‌సీ వస్తుంటే, దాన్ని అందుకునే రిసెప్టర్లు మెదడులో తగ్గిపోతాయి. మానేశాక అవి కోలుకోవడానికి టైం పడుతుంది. ఆ గ్యాప్‌లోనే చిరాకు, కోపం, ఆందోళన, దిగులు, నిద్ర పట్టకపోవడం. ఒకటి రెండు రోజుల్లో మొదలై, మొదటి వారంలో ఎక్కువై, చాలామందికి రెండు వారాల్లో తగ్గుతాయి. అమెరికా మానసిక వైద్యుల పుస్తకం డీఎస్ఎమ్ దీన్ని ఒక సమస్యగా ఒప్పుకున్నది 2013లో!

ఆడవాళ్ల సంగతి ఇంకా లేటు. చికిత్సకు వచ్చినవాళ్లపై 2015లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, మానేశాక మనసుకు, కడుపుకు సంబంధించిన ఇబ్బందులు మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువగా చెప్పారు. అందరికీ ఒకేలా ఉండదు, అది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మన ఇళ్లకు రండి. అబ్బాయి చిరాకు పడితే "పాపం, మానేస్తున్నాడు కదా" అంటాం. అదే అమ్మాయి ఊరికే ఏడిస్తే? "పొగరు", "గాలి సోకింది", "పెళ్లి చేస్తే సర్దుకుంటది". ఆమెకు కూడా తనే బలహీనురాలిననిపిస్తుంది. ఒక్కసారి తాగితే ఏడుపు ఆగుతుంది కాబట్టి, మళ్లీ మొదలు. 1893లో రిజిస్టర్‌లో తప్పు కారణం రాసినట్టే, మనం ఇంట్లో రాస్తున్నాం.

కేసు భయంతో ఆగిపోకండి. 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. వాడకం కేసుల్లో, చిన్న మొత్తం కేసుల్లో స్వచ్ఛందంగా గుర్తింపు ఉన్న చికిత్సకు వెళ్లే వ్యసనపరులకు అది ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, టెలి మానస్ 14416. రెండూ ఫ్రీ. దిగులు తగ్గకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా ఆ రెండు వారాలు ఆగొద్దు, వెంటనే చేయండి.

మీ చెల్లెలో, ఫ్రెండో మానేసి ఏడుస్తుంటే తీర్పు చెప్పకండి, పక్కన కూర్చోండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.