రాసిన రూలు, రాయని రూలు

మార్చి రెండో వారంలో శుక్రవారం వచ్చిందంటే ఒకప్పుడు నార్త్ కరోలినా బడుల్లో పాఠాలు సాగేవి కావు. టీచర్లే చక్రాల బల్ల మీద టీవీ తోసుకొచ్చి తరగతి గదిలో పెట్టేవారు. మధ్యాహ్నం మొదలయ్యే బాస్కెట్‌బాల్ ఆటను పిల్లలతో పాటు వాళ్లూ కూర్చుని చూసేవారు. ఇక్కడే పుట్టి పెరిగి యాభై దాటిన వాళ్లను కదిలిస్తే ఆ టీవీ కథ చెప్పకుండా వదలరు. అదేమీ దేశాల మధ్య పోటీ కాదు, జీతాలు తీసుకునే ప్రొఫెషనల్ ఆటా కాదు. చుట్టుపక్కల యూనివర్సిటీల విద్యార్థులు ఆడే అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ టోర్నమెంట్. అందరూ ఏసీసీ అంటారు.

"పిల్లకాయల కాలేజీ ఆటకి ఇంత గోలేందిరా?" అని టంగుటూరు నుంచి మా పెదనాన్న ఫోన్లో అడుగుతుంటాడు. ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఆటను కాసేపు పక్కన పెట్టి పొగాకుతో మొదలుపెట్టాలి.

టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి రైతులకు వర్జీనియా పొగాకు గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆకును బ్యారన్‌లో వేడి పెట్టి పసుపు రంగు తేలేలా క్యూరింగ్ చేసే పద్ధతికి మూలం నేనుంటున్న ఈ రాష్ట్రమే. 1839లో కాస్వెల్ కౌంటీలో స్లేడ్ అనే ఆసామి దగ్గర బానిసగా ఉన్న స్టీఫెన్ అనే యువకుడు, ఆరిపోబోతున్న మంటలో బొగ్గులు వేశాడనీ, ఆ పొడి వేడికి ఆకు బంగారు రంగుకు తిరిగిందనీ చెబుతారు. గొట్టాల ద్వారా వేడి పంపే ఏర్పాటు ఆ తర్వాత వచ్చింది. 1920 ప్రాంతంలో ఐఎల్‌టీడీ కంపెనీ ఆ రకం పొగాకును గుంటూరు నేలకు తెచ్చింది. మనకు అది బ్యారన్లూ, వేలం కేంద్రాలూ, అప్పులూ ఇచ్చింది. ఇక్కడ యూనివర్సిటీలను కట్టింది.

డర్హామ్ ఊళ్లో ట్రినిటీ కాలేజీ అని ఒకటి ఉండేది. సిగరెట్ల వ్యాపారంలో కోట్లు గడించిన జేమ్స్ డ్యూక్ 1924లో 4 కోట్ల డాలర్లతో ఒక నిధి పెట్టాడు. ఆ కాలేజీ డ్యూక్ యూనివర్సిటీ అయింది. విన్‌స్టన్-సేలం ఊళ్లో రేనాల్డ్స్ కుటుంబానిదీ పొగాకు సొమ్మే. ఆ కుటుంబ నిధుల ఆసరాతో వేక్ ఫారెస్ట్ కాలేజీ 1956లో తన పాత ఊరు వదిలి అక్కడికి తరలిపోయింది. రాలీలో నార్త్ కరోలినా స్టేట్ కాలేజీ కట్టుకున్న పెద్ద ఇండోర్ స్టేడియానికీ రేనాల్డ్స్ పేరే. వీటి మధ్యలో చాపెల్ హిల్‌లో పాత ప్రభుత్వ యూనివర్సిటీ. ఈ నాలుగింటినీ పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకు చుట్టి రావచ్చు. నాలుగూ కలిపి ఈ దారికి టుబాకో రోడ్ అని పేరు.

రేనాల్డ్స్ స్టేడియం ఇనుప చట్రం రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పని ఆగిపోయి ఏళ్ల తరబడి బోసిగా నిలబడి ఉంది. 1946లో ఇండియానా నుంచి స్టేట్ జట్టుకు ఎవరెట్ కేస్ అనే కోచ్ వచ్చాడు. బాస్కెట్‌బాల్ అంటే పడిచచ్చే రాష్ట్రం నుంచి ఫుట్‌బాల్ తప్ప మరేదీ పట్టని రాష్ట్రానికి వచ్చిన మనిషి. స్టేడియాన్ని ఇంకా పొడిగించి కట్టమని పట్టుబట్టాడు. 1949లో తెరిచినప్పుడు అందులో 12,400 మంది కూర్చునే చోటుంది. అంత చోటు నింపాలంటే జనానికి ఆట పిచ్చి పట్టించాలి. ఛాంపియన్లు నిచ్చెన ఎక్కి బుట్ట వలను కత్తిరించుకునే అలవాటును ఈ ప్రాంతంలో నాటింది ఆయనే. ఇప్పుడు దేశమంతా అదే చేస్తారు.

ఇక టోర్నమెంట్ సంగతి. 1953 మే 8న గ్రీన్స్‌బరోలో ఏడు కాలేజీలు కూర్చుని, 17 కాలేజీలతో కిక్కిరిసిన సదరన్ కాన్ఫరెన్స్ నుంచి విడిపోయి సొంత కుంపటి పెట్టుకున్నాయి. ఆ ఏడాది చివర్లో వర్జీనియా చేరి ఎనిమిదైంది. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము ఏటా ఆడుకునే యూనివర్సిటీల కూటమి. చలికాలమంతా ఒకరి ఊరికి ఒకరు వెళ్లి ఆడతారు, పాయింట్ల పట్టిక తయారవుతుంది. దేశస్థాయి పోటీ అయిన ఎన్‌సీఏఏకి అప్పట్లో ఒక్కో కాన్ఫరెన్స్ నుంచి ఒక్క జట్టుకే చోటు. పట్టికలో మొదట నిలిచిన జట్టును పంపితే సరిపోయేది. చాలా కాన్ఫరెన్సులు అదే చేసేవి. ఏసీసీ మాత్రం అలా చేయలేదు. మార్చిలో మూడు రోజుల నాకౌట్ పెట్టి, అందులో గెలిచినవాడే ఛాంపియన్ అని రాసుకుంది. సదరన్ కాన్ఫరెన్స్ నుంచి వచ్చిన పాత అలవాటు కొంత, 12,400 టిక్కెట్ల ఆశ కొంత. 1954లో రేనాల్డ్స్ స్టేడియంలోనే జరిగిన మొదటి ఫైనల్లో కేస్ జట్టు ఎక్స్‌ట్రా టైమ్‌లో 82-80తో వేక్ ఫారెస్ట్‌ను ఓడించింది.

ఆ రూలు ఎంత కర్కశమో పొగాకు రైతుకు చెప్పనక్కర్లేదు. నారు పోసిన నాటి నుంచి గ్రేడు చేసేదాకా నెలల కష్టం. వేలం రోజున బేలుకు నోబిడ్ పడితే బండి మళ్లీ ఇంటి దారి పట్టాల్సిందే. ఇక్కడి ఆటగాళ్లకూ, గ్యాలరీలో కూర్చున్న పొగాకు రైతులకూ అదే లెక్క.

1957లో చాపెల్ హిల్ జట్టు ఒక్క ఆటా ఓడకుండా టోర్నమెంట్‌కు వచ్చింది. సెమీఫైనల్లో వేక్ ఫారెస్ట్ మీద 61-59తో గట్టెక్కింది. ఆ రెండు పాయింట్లు లేకపోతే ఓటమెరుగని ఏడాదికి అక్కడే తెర పడేది. గట్టెక్కింది కాబట్టి కాన్సస్ సిటీదాకా వెళ్లి, విల్ట్ చాంబర్లేన్ ఆడిన కాన్సస్ జట్టును మూడు ఎక్స్‌ట్రా టైమ్‌ల తర్వాత 54-53తో ఓడించి దేశ ఛాంపియన్ అయింది. చెస్లీ అనే టీవీ నిర్మాత ఆ ఆటలను అక్కడి నుంచి నార్త్ కరోలినా ఇళ్లకు ప్రసారం చేయించాడు. మరుసటి ఏడాది నుంచి కాన్ఫరెన్స్ ఆటలు క్రమం తప్పకుండా టీవీలో వచ్చాయి. బడుల్లోకి టీవీ బల్లలు నడిచొచ్చింది ఆ దారినే.

అన్నీ ఇంత అందమైన కథలు కావు. 1968 సెమీఫైనల్లో స్టేట్ జట్టు డ్యూక్‌ను 12-10తో ఓడించింది. అచ్చుతప్పు కాదు, పూర్తి ఆట స్కోరే అది. ఎంతసేపట్లో బంతి వేయాలో చెప్పే గడియారం అప్పటికి లేదు, బంతి పట్టుకుని నిలబడ్డారు. 1970లో సౌత్ కరోలినా యూనివర్సిటీ జట్టు కాన్ఫరెన్స్‌లో ఆడిన 14 ఆటలూ గెలిచి, ఫైనల్లో రెండు ఎక్స్‌ట్రా టైమ్‌ల తర్వాత 42-39తో స్టేట్ చేతిలో ఓడిపోయింది. ఎన్‌సీఏఏ తర్వాతి దశ ఆ ఏడాది సౌత్ కరోలినా సొంత స్టేడియంలోనే. తమ ఇంట్లో పెళ్లికి తమకే పిలుపు లేకుండా పోయింది. మరుసటి ఏడాది ఆ యూనివర్సిటీ కాన్ఫరెన్స్ వదిలి వెళ్లిపోయింది. రూలు అన్యాయమని పత్రికలు రాశాయి, కోచ్‌లు తిట్టారు, మంగలి షాపుల్లో వాదించుకున్నారు. అన్యాయమని తిడుతూనే జనం టిక్కెట్ల కోసం ఎగబడ్డారు.

ఆ వాదనల్లో ఎన్నో ఏళ్లు ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. 1953లో కాన్ఫరెన్స్ పెట్టిన ఏడు కాలేజీల జట్లలో నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేడు. ఉండకూడదని కాన్ఫరెన్స్ పుస్తకంలో రాయాల్సిన పని లేకపోయింది. డర్హామ్‌లోనే, డ్యూక్‌కు కూతవేటు దూరంలో నల్లజాతి విద్యార్థుల కోసం వేరే కాలేజీ ఉండేది. దాని కోచ్ జాన్ మెక్‌లెండన్. బాస్కెట్‌బాల్‌ను 1891లో కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ దగ్గరే కాన్సస్ యూనివర్సిటీలో చదివినవాడు. చదవనిచ్చారు గానీ ఆ యూనివర్సిటీ జట్టులో ఆడనివ్వలేదు. 1944 మార్చి 12, ఆదివారం పొద్దున, ఊరంతా చర్చిల్లో ఉన్న వేళ, డ్యూక్ మెడికల్ స్కూల్‌లోని మిలిటరీ విద్యార్థుల జట్టు దొంగచాటుగా మెక్‌లెండన్ జిమ్‌కు వచ్చింది. తలుపులు గడియ వేసి ఆడారు. 88-44తో మెక్‌లెండన్ కుర్రాళ్లు గెలిచారు. తర్వాత రెండు జట్లూ కలగలిపి మరో ఆట ఆడారు. ఆ సంగతి 1996లో ఒక చరిత్రకారుడు రాసేదాకా లోకానికి తెలియదు.

నల్లజాతి కాలేజీలకు 1912 నుంచే సీఐఏఏ అనే సొంత కూటమి ఉంది. మెక్‌లెండన్ తోటి కోచ్‌లతో కలిసి 1946లో వాషింగ్టన్‌లో దాని టోర్నమెంట్ మొదలుపెట్టాడు. అంటే ఏసీసీ కంటే ఎనిమిదేళ్లు ముందే. ఒకే ఆట, ఒకే పొగాకు నేల, రెండు వేర్వేరు పండగలు. కారంచేడులో దళితుల ఊచకోత జరిగిన జిల్లా నుంచి వచ్చినవాణ్ని. రాయని రూళ్లు ఎలా పనిచేస్తాయో నాకు అమెరికా కొత్తగా నేర్పిందేమీ లేదు. అవి ఎలా కదిలాయో మాత్రం ఇక్కడే చదువుకున్నాను.

1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఊల్‌వర్త్ షాపులో తెల్లవాళ్లకే కేటాయించిన భోజనం కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. లేవలేదు. వారాల్లోనే ఆ నిరసన దక్షిణాది ఊళ్లకు పాకింది. 1965లో మేరీలాండ్ తరఫున బిల్లీ జోన్స్ మొదటి నల్లజాతి ఆటగాడిగా ఏసీసీ కోర్టు మీద అడుగుపెట్టాడు. చాపెల్ హిల్‌కు వచ్చిన నల్లజాతి ఆటగాడు చార్లీ స్కాట్ 1969 ఫైనల్లో డ్యూక్ మీద 40 పాయింట్లు వేశాడు. అయినా ఆ ఏడాది ఉత్తమ ఆటగాడి అవార్డు వేరే అతనికి వెళ్లింది. ఓట్లు వేసింది విలేకరులు. రంగు చూసి వేశారని స్కాట్ నమ్మాడు.

రెండు కథలూ ఒకచోట కలిసింది 1974 మార్చి 9న. ఊరు గ్రీన్స్‌బరోయే. ఫైనల్లో దేశంలో మొదటి ర్యాంకులో ఉన్న స్టేట్, నాలుగో ర్యాంకు మేరీలాండ్. స్టేట్ జట్టుకు ప్రాణం డేవిడ్ థామ్సన్. షెల్బీ దగ్గర పల్లెలో, పెద్ద కుటుంబంలో, పేదరికంలో పెరిగిన నల్లజాతి కుర్రాడు. పదిహేనేళ్ల ముందైతే ఆ జట్టులో అతనికి చోటే లేదు. అతని పక్కన కొండప్రాంతం నుంచి వచ్చిన ఏడడుగుల పైచిలుకు తెల్ల కుర్రాడు టామ్ బర్లెసన్. ఆ రాత్రి బర్లెసన్ 38 పాయింట్లు వేశాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో స్టేట్ 103-100తో గెలిచింది. ఓడిన కోచ్ లెఫ్టీ డ్రీసెల్ స్టేట్ జట్టు బస్సెక్కి ఆ కుర్రాళ్లను అభినందించి దిగాడు. స్టేట్ ఆ నెలలోనే యూసీఎల్‌ఏ జట్టు ఏడేళ్ల ఏకఛత్రాధిపత్యాన్ని కూలదోసి దేశ ఛాంపియన్ అయింది. మేరీలాండ్‌కు ఎన్‌సీఏఏలో చోటు లేదు. దేశంలో నాలుగో జట్టు ఇంట్లో కూర్చోవడం ఏం న్యాయమని అందరూ అడిగారు. మరుసటి ఏడాది ఎన్‌సీఏఏ జట్లను 25 నుంచి 32కు పెంచి, ఒక కాన్ఫరెన్స్ నుంచి రెండో జట్టుకూ దారి ఇచ్చింది. ఆ ఆట ఒక్కటే కారణం కాదు గానీ, మార్పు గురించి మాట్లాడేవాళ్లంతా దాని పేరే చెబుతారు.

న్యాయం జరిగింది, టోర్నమెంట్ పలచబడింది. ఇప్పుడు దేశస్థాయిలో 68 జట్లు ఆడతాయి. పెద్ద జట్లు ఏసీసీలో ఓడినా ఎన్‌సీఏఏ పిలుపు ఎటూ వస్తుంది. కూటమి రూపమూ మారింది. ఫుట్‌బాల్ టీవీ డబ్బు కోసం విస్తరించి, 2024లో కాలిఫోర్నియా నుంచి కూడా రెండు యూనివర్సిటీలను చేర్చుకుని 18 అయింది. గ్రీన్స్‌బరోలో ఉన్న ప్రధాన కార్యాలయం 2023లో షార్లెట్‌కు మారింది. పొగాకూ అంతే. 2004లో ప్రభుత్వం కోటాలు, మద్దతు ధరలు ఎత్తేసింది. డర్హామ్‌లో 1987లో మూతపడ్డ సిగరెట్ ఫ్యాక్టరీ ఇప్పుడు ఆఫీసుల సముదాయం. లక్కీ స్ట్రైక్ పేరున్న నీళ్ల ట్యాంకు మాత్రం అలాగే ఉంది. 1959లో వేసిన రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు కంపెనీలను తెచ్చింది, ఆ కంపెనీలు మనల్ని తెచ్చాయి. క్యారీలో వేంకటేశ్వరస్వామి గుడి లేచింది. గుడి క్యాంటీన్‌లో దోసె తింటూ డ్యూకా, చాపెల్ హిలా అని కొట్లాడుకునే తెలుగు పిల్లలు తయారయ్యారు.

అయినా పాత రూలు ఇంకా చచ్చిపోలేదు. టోర్నమెంట్ గెలిచినవాడికి ఎన్‌సీఏఏ చోటు ఖాయం అన్న ముక్క అలాగే ఉంది. 2024లో స్టేట్ జట్టు లీగ్ చివరి నాలుగు ఆటలూ ఓడి, పదో స్థానంతో వాషింగ్టన్ వెళ్లింది. సెమీఫైనల్లో వర్జీనియా గెలిచేసిందనుకున్న క్షణంలో మైకేల్ ఓకానెల్ విసిరిన బంతి బోర్డుకు తగిలి లోపల పడింది. ఐదు రోజుల్లో ఐదు ఆటలు గెలిచి, ఫైనల్లో చాపెల్ హిల్‌ను 84-76తో ఓడించి, 1987 తర్వాత మొదటిసారి కప్పు కొట్టింది. అక్కడితో ఆగక దేశస్థాయిలో చివరి నాలుగు జట్లలో ఒకటైంది. అన్యాయమని తిట్టిన రూలే పదో స్థానం జట్టుకు తలుపు తెరిచింది.

పెదనాన్నకు నేను చెప్పేది ఇదే. రాసిన రూలు కాగితం మీద కనిపిస్తుంది కాబట్టి దాన్ని తిట్టొచ్చు, ఓట్లేసి మార్చొచ్చు. అది మారడానికి మంచి జట్టు ఒకటి అన్యాయంగా ఇంట్లో కూర్చోవడమూ ఒక కారణమైంది. రాయని రూలు మీద 88-44 గెలుపు కూడా గీత పెట్టలేకపోయింది, ఎందుకంటే ఆ గెలుపును బయటికి చెప్పుకునే వీలే లేదు. దాన్ని కదపడానికి ఆటకు బయట నలుగురు కూర్చోవాల్సి వచ్చింది. ఆ ఊల్‌వర్త్ షాపు 2010 నుంచి మ్యూజియం. ఒంగోలు నుంచి ఎవరొచ్చినా డ్యూక్ చాపెల్ చూపించమంటారు. తప్పకుండా చూపిస్తాను. కానీ ముందు గ్రీన్స్‌బరో వెళదాం. ఆ కౌంటర్ చూశాక స్టేడియం చూస్తే, ఎవరు ఎవరితో ఎందుకు ఆడలేకపోయారో, ఇప్పుడు ఎలా ఆడుతున్నారో నేను విడిగా చెప్పక్కర్లేదు.